ఎదురుగాలిలో బీపీ బిళ్ళ

కొడవలూరు నుంచి విడవలూరు మీదుగా రామతీర్థం వైపు సాయంత్రం పూట సైకిలు మీద బయల్దేరితే దారిలో చెప్పుకోదగ్గ మిట్ట ఒక్కటీ తగలదు. పెన్నా డెల్టా నేల అది. కాలువలు, వరిచేలు, సముద్రం దగ్గరపడేకొద్దీ రొయ్యల గుంటలు. అయినా కాళ్ళకు పని తప్పదు. పొద్దు వాలేసరికి సముద్రం మీది నుంచి గాలి మళ్ళుతుంది, తూర్పుకి తొక్కేవాడి ఛాతీకి అడ్డం వస్తుంది. మన కోస్తాలో సైకిలు వాళ్ళకు కొండ లేని లోటును ఈ గాలే తీరుస్తుంది. దానికి ఎదురు తొక్కే మనిషి గుండె, ఘాట్ రోడ్డు ఎక్కే మనిషి గుండె చేసే పనే చేస్తుంది.

ఆ పని ఎంతో ఒకసారి చూద్దాం. ఊరికే కూర్చున్నప్పుడు గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం తోడుతుంది. గట్టిగా తొక్కేటప్పుడు అది 15, సాధన ఉన్నవాళ్ళకు 20 లీటర్లు కూడా దాటుతుంది. నాడి 70 నుంచి 150, 160కి పోతుంది. తొడల్లో రక్తనాళాలు విచ్చుకుంటాయి, పేగుల వైపు పోయే రక్తం తగ్గి కాళ్ళకు మళ్ళుతుంది. బీపీలో పై అంకె ఆరోగ్యవంతుడికి కూడా 180 దాకా ఎక్కుతుంది, కింది అంకె పెద్దగా కదలదు. ఇది జబ్బు లక్షణం కాదు. ఒళ్ళు తన పని తాను చేసుకుంటున్న తీరు.

ఆ మనిషి ఆ పొద్దున బీపీ బిళ్ళ వేసుకుని ఉంటే? నేను ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది అక్కడే మొదలవుతుంది. డాక్టరు గదిలో కుర్చీలో కూర్చున్నప్పుడు బీపీ బిళ్ళలన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. 150 ఉన్న అంకె 130 అయింది, సంతోషం. ఆ 130కి రావడానికి ఏ బిళ్ళ ఏ దారిన వచ్చిందో మిషను చెప్పదు. ఒకటి గుండె వేగాన్ని పట్టుకుంటుంది, ఒకటి రక్తనాళపు గోడను వదులు చేస్తుంది, ఒకటి మూత్రపిండాల దగ్గర ఉప్పును బయటికి పంపిస్తుంది. ఏది ఎక్కడ చెయ్యి వేసిందో తెలియాలంటే ఒంటిని పనిలో పెట్టాలి. ఎదురుగాలిలో పెడల్ మీద పాదం మోపినప్పుడు ఆ బిళ్ళ చేసినవాళ్ళ పనితనం కాళ్ళకు తెలుస్తుంది.

పనితనం అనే మాట ఊరికే వాడలేదు. ఈ బిళ్ళల వెనక ఉన్న ఆలోచన, చేతిపని రెండూ నగిషీ పనికి తీసిపోనివి. మనం రూపాయికో రెండు రూపాయలకో కొనుక్కుని, 104 బండి దగ్గర ఉచితంగా తీసుకుని, మంచినీళ్ళతో మింగేసి మరిచిపోతాం. దగ్గరగా చూసే తీరిక మనకుండదు.

గుండె వేగాన్ని పట్టుకునే వాటితో మొదలుపెడతాను. సైకిలు తొక్కేవాళ్ళకు అన్నిటికన్నా ఎక్కువ తెలిసొచ్చేవి అవే. 1950ల చివర గుండెనొప్పికి మందు వెతికేవాళ్ళందరూ గుండెకు రక్తం ఎక్కువ అందించడం ఎలాగా అని చూస్తున్నారు. స్కాట్లాండ్‌కు చెందిన జేమ్స్ బ్లాక్ ప్రశ్నను తిరగేశాడు. రక్తం పెంచలేకపోతే గుండె అడిగేదే తగ్గిద్దాం అన్నాడు. అడ్రినలిన్ గుండె మీద పనిచేయాలంటే అది వచ్చి కూర్చునే చోట్లు ఉండాలి. ఆ చోట్లు ఆల్ఫా, బీటా అని రెండు రకాలని అమెరికాలో రేమండ్ ఆల్‌క్విస్ట్ 1948లోనే రాశాడు, అప్పట్లో పట్టించుకున్నవాళ్ళు తక్కువ. బ్లాక్ ఆ మాటను నమ్మాడు. 1958లో ఐసీఐ కంపెనీలో చేరి, అడ్రినలిన్ రాకముందే ఆ చోట్లలో కూర్చుని, తాను మాత్రం గుండెను ఉరకలెత్తించని పదార్థం కోసం వెతికాడు. మొదట దొరికిన ప్రోనెథలాల్ ఎలుకల్లో కణితులు తెచ్చింది, పక్కన పెట్టేశారు. తరవాత వచ్చిందే ప్రొప్రనలాల్. అది గుండెనొప్పికి చేసిన మందు. బీపీని కూడా తగ్గిస్తుందని 1964లో లండన్‌లో బ్రయన్ ప్రిచర్డ్ గమనించేదాకా ఎవరూ అనుకోలేదు. 1988లో బ్లాక్‌కు నోబెల్ వచ్చింది.

బీటా బ్లాకర్ అనే ఈ రకం బిళ్ళ వేసుకుని రోడ్డెక్కితే ఏమవుతుంది? అడ్రినలిన్ కేక వేస్తుంది, గుండె సగమే వింటుంది. గరిష్ఠ నాడి నిమిషానికి 20, 30 దాకా తగ్గడం మామూలే. 220లోంచి వయసు తీసేసి లెక్కగట్టే పద్ధతి ప్రకారం యాభై ఏళ్ళ మనిషికి 170 రావాలి. బీటా బ్లాకర్ మీద ఉన్న మనిషి ఎంత తొక్కినా 140 దగ్గర ఆగిపోవచ్చు. చేతి గడియారంలో నాడి చూసుకుని 'ఇంకా ఒళ్ళు వంచడం లేదు నేను' అనుకుని మరింత తొక్కితే అది పొరపాటు. ఆ 140 అతనికి ఆఖరి గేరు.

ఒళ్ళు మాత్రం ఊరుకోదు. నాడి పెరగకపోతే ఒక్కో దెబ్బకు తోడే రక్తాన్ని పెంచుకుంటుంది, కండరాలు వచ్చిన రక్తంలోంచి ఆక్సిజన్‌ను ఇంకాస్త ఎక్కువగా పిండుకుంటాయి. అందుకే చల్లగా, నిదానంగా తొక్కేవాళ్ళకు తేడా పెద్దగా తెలియదు. గాలి ముదిరినప్పుడు, పక్కవాడితో పోటీ పడ్డప్పుడు తెలుస్తుంది.

తొలి బిళ్ళ ప్రొప్రనలాల్‌కు ఇంకో గుణం ఉంది. అది గుండె దగ్గరి బీటా-1 చోట్లతో పాటు ఊపిరితిత్తుల్లో, కండరాల్లో ఉన్న బీటా-2 చోట్లను కూడా మూసేస్తుంది. దూరం తొక్కేవాడికి కొవ్వు కరిగి రక్తంలోకి రావాలి, కండరంలో దాచుకున్న పిండిపదార్థం విడుదల కావాలి. ఈ రెండూ మందగిస్తాయి. పని చేసే కండరం బయటికి వదిలిన పొటాషియంను మళ్ళీ లోపలికి లాక్కోవడానికి బీటా-2 సాయం చేస్తుంది, అదీ కుంటుపడుతుంది. 'ఆయాసం లేదు గానీ తొడల్లో సీసం పోసినట్టుంది' అనే ఫిర్యాదుకు మూలం ఇక్కడుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళకైతే ఊపిరే బిగుసుకుంటుంది. తరవాతి తరం వాళ్ళు చేసిన పనంతా ఈ వేటును సన్నం చేయడం. అటెనలాల్, మెటప్రొలాల్, బిసప్రొలాల్ మామూలు మోతాదుల్లో గుండె దగ్గరి చోట్లనే ఎంచుకుంటాయి. ఒకే కుటుంబంలో ఇంత తేడా తేవడానికి రసాయన శాస్త్రజ్ఞులు మార్చింది అణువుకు ఒక చివర కొద్దిపాటి పరమాణువుల అమరికను. అంత చిన్న మార్పుతో మనిషి తొడలకు ఊరట.

ఈ బిళ్ళ ఎవరికి లాభమో, ఎవరికి నష్టమో ఆటల పోటీల నిబంధనలు చూస్తే తెలుస్తుంది. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ బీటా బ్లాకర్లను విలువిద్యలో, తుపాకీ పోటీల్లో నిషేధించింది. సైకిలు పందేలలో నిషేధించలేదు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఉత్తర కొరియా షూటర్ కిమ్ జోంగ్-సు ప్రొప్రనలాల్ వాడినట్టు తేలి రెండు పతకాలూ పోగొట్టుకున్నాడు. గుండె దడ తగ్గితే, చేతి వణుకు తగ్గితే గురి కుదురుతుంది. సైకిలు వాడికి దడే ఇంధనం. అతను కావాలని ఈ బిళ్ళ వేసుకుని గెలవలేడు.

ఇప్పుడు ఒక బిళ్ళను చేతిలోకి తీసుకుందాం. మెటప్రొలాల్ సక్సినేట్, రోజంతా నెమ్మదిగా విడుదలయ్యే రకం, అందులోనూ గింజల పద్ధతిలో చేసింది. మధ్యలో గీత ఉంటుంది, ఆ గీత దగ్గర విరిచి సగం వేసుకోవచ్చు. నమలకూడదు, నూరకూడదు అని చీటీ మీద రాసి ఉంటుంది. ఎందుకో చూడాలంటే సగం ముక్కను గ్లాసు నీళ్ళలో వేయండి. కాసేపటికి బిళ్ళ మెత్తబడి విడిపోతుంది. నీళ్ళు తెల్లగా మసకేస్తాయి. ఆ మసక కిందికి దిగాక అడుగున గసగసాల కన్నా సన్నటి గింజలు మిగులుతాయి, వందల కొద్దీ. అవి కరగవు. గ్లాసు తిప్పితే ఇసుకలా జారుతాయి.

మందు ఆ గింజల్లో ఉంది. లోపల సిలికా లాంటి చిన్న రేణువు, దాని చుట్టూ మందు పూత, ఆ పైన ఇథైల్ సెల్యులోజ్ పొర. వేడిగాలి కింది నుంచి ఎగదన్నుతుంటే గింజలు గాల్లో తేలుతూ తిరుగుతాయి, వాటి మీద ద్రావణాన్ని తుంపరగా చల్లుతారు. ప్రతి గింజకూ ఒకే మందంలో పొర పడాలి. సన్నబడితే మందు తొందరగా కారిపోతుంది, మందమైతే లోపలే ఉండిపోతుంది. కడుపులోకి వెళ్ళాక నీరు పొరలోంచి లోపలికి ఇంకుతుంది, మందు కరుగుతుంది, అదే పొరలోంచి దాదాపు ఒకే వేగంతో బయటికి వస్తుంది. ఇలా సుమారు 20 గంటలు. కడుపులో పులుపు ఎక్కువున్నా తక్కువున్నా, అన్నం తిన్నా తినకపోయినా పెద్ద తేడా రాదు.

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది ఆ తరవాతి మెట్టు. ఇంత జాగ్రత్తగా పూసిన గింజలను యంత్రంలో టన్నుల బరువుతో నొక్కి బిళ్ళ చేస్తారు. ఒక్క పొర చిట్లినా ఆ గింజలో మందు ఒక్కసారిగా బయటపడుతుంది. చిట్లకుండా మధ్యలో మెత్తటి సెల్యులోజ్ పొడి దట్టిస్తారు, నొక్కుడు అది భరిస్తుంది. సగానికి విరిచినా ఫరవాలేదు, ఎందుకంటే పని చేసేది బిళ్ళ కాదు, గింజ. నూరితే మాత్రం పొరలు పోతాయి, రోజంతటి మోతాదు ఒక్క గంటలో మీద పడుతుంది. స్వీడన్‌లో హాస్లే ప్రయోగశాల వాళ్ళు రూపొందించిన ఈ పద్ధతిలో ఇప్పుడు మన దేశంలోనూ బిళ్ళలు తయారవుతున్నాయి.

సైకిలు తొక్కేవాడికి దీనితో ఏం పని అంటారా? మామూలు మెటప్రొలాల్ వేసుకున్న గంటా రెండు గంటల్లో ఉచ్చస్థితికి చేరి, ఆ తరవాత కొన్ని గంటల్లో సగానికి సగం పడిపోతుంది. పొద్దున తొక్కినప్పుడు కాళ్ళు బరువు, సాయంత్రం తేలిక, మర్నాడు వేళ మారితే మళ్ళీ వేరు. గింజల బిళ్ళతో రోజంతా ఒకే తీరు. తన కొత్త ఆఖరి గేరు ఎక్కడుందో మనిషికి స్థిరంగా తెలుస్తుంది, దానికి తగ్గట్టు తొక్కడం అలవాటవుతుంది.

రెండో దారి, రక్తనాళాన్ని వదులు చేసేది, పాము విషం నుంచి వచ్చింది. మన వరిచేలల్లో రక్తపింజర ఎంత భయపెడుతుందో, బ్రెజిల్‌లో జరరాకా అనే పింజర అంత భయపెడుతుంది. కాటు పడ్డ మనిషి బీపీ పడిపోయి కూలబడతాడు. 1965లో బ్రెజిల్ శాస్త్రవేత్త సెర్జియో ఫెరీరా ఆ విషంలోంచి అందుకు తోడ్పడే పదార్థాన్ని తీశాడు. దాన్ని లండన్‌లో జాన్ వేన్ ప్రయోగశాలకు పట్టుకెళ్ళాడు. రక్తనాళాలను బిగించే యాంజియోటెన్సిన్-2ను తయారుచేసే ఎంజైమును అది అడ్డుకుంటుందని అక్కడ తేలింది. ఇబ్బంది ఏమిటంటే ఆ పదార్థం ఇంజెక్షన్‌గా తప్ప పనిచేయదు, నోట్లో వేసుకుంటే కడుపులోనే అరిగిపోతుంది. అమెరికాలో స్క్విబ్ కంపెనీలో డేవిడ్ కుష్‌మన్, మిగెల్ ఒండెట్టి అప్పుడు కాగితం ముందు వేసుకుని కూర్చున్నారు. ఆ ఎంజైము బొమ్మ ఎవరి దగ్గరా లేదు. దాని మధ్యలో ఒక జింకు పరమాణువు ఉందని, ఫలానా దూరంలో ఫలానా రకం పట్టు ఉండవచ్చని వేరే ఎంజైమును చూసి ఊహించారు. ప్రోలిన్ అనే చిన్న అమైనో ఆమ్లాన్ని తీసుకుని దానికి గంధకపు చెయ్యి ఒకటి తగిలించారు, జింకును పట్టుకోవడానికి. అదే కాప్టోప్రిల్. 1981లో అమెరికాలో అనుమతి వచ్చింది. కనపడని గదికి కొలతలు ఊహించి సరిపోయే తలుపు చేసినవాళ్ళు వీళ్ళు.

సైకిలు మీద ఈ దారి బిళ్ళలు దాదాపు తెలియనే తెలియవు. నాడి పెరగాల్సినంత పెరుగుతుంది, కండరాలకు ఇంధనం అందుతుంది. ఒకటే ఇబ్బంది, ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటివి కొందరికి పొడిదగ్గు తెస్తాయి. ఎంజైము ఆగినప్పుడు బ్రాడీకైనిన్ అనే పదార్థం కూడా పేరుకోవడం దీనికి కారణం. ఊపిరి గట్టిగా పీల్చి తొక్కేవాడికి ఆ దగ్గు నరకం. లోసార్టన్, టెల్మిసార్టన్ వంటివి ఎంజైమును వదిలేసి, యాంజియోటెన్సిన్ వచ్చి కూర్చునే చోటును మూస్తాయి కాబట్టి దగ్గు రాదు. టెల్మిసార్టన్ ఒంట్లో నిలిచే కాలం కూడా ఎక్కువ, సగానికి రావడానికి సుమారు ఒక రోజు పడుతుంది.

మన తెలుగువాళ్ళ చెయ్యి ఈ కథలో ఎక్కడ పడిందో చెప్పకుండా ముందుకు పోలేను. గుంటూరు జిల్లా తాడేపల్లిలో పసుపు రైతు ఇంట పుట్టిన కల్లం అంజిరెడ్డి, హైదరాబాదులో ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పనిచేసి, 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టినప్పుడు మొదట తలకెత్తుకున్నది బీపీ మందే, మిథైల్‌డోపా. దాని తయారీలో మెలిక ఉంది. ఆ అణువుకు కుడి ఎడమ చేతుల్లా రెండు రూపాలు, పనిచేసేది ఒక్కటే. రెంటినీ వేరుచేయడం దగ్గర తయారీదారు సత్తా బయటపడుతుంది. మెదడు దగ్గర పనిచేసే ఆ మందు మగత తెస్తుంది, సైకిలు వాళ్ళకు పనికొచ్చేది కాదు, ఇప్పుడు ఎక్కువగా గర్భిణుల బీపీకి వాడుతున్నారు. అయినా బీపీ బిళ్ళ మన ఊళ్ళో ఇంత చవగ్గా దొరకడం వెనక ఆ తరం చూపిన నేర్పు ఉందని నా నమ్మకం.

ఆమ్లోడిపిన్ గురించి రెండు మాటలు చాలు. రక్తనాళపు గోడలోని కండరానికి కాల్షియం అందకుండా చేసి వదులు చేస్తుంది. దీనికన్నా ముందొచ్చిన నిఫెడిపిన్ గొట్టాలు గభాలున పనిచేసి బీపీని పడగొట్టేవి, బెదిరిన గుండె పరుగు లంకించుకునేది. ఆమ్లోడిపిన్ నింపాదిగా ఎక్కి నింపాదిగా దిగుతుంది, సగానికి రావడానికి 30 నుంచి 50 గంటలు. తొక్కే శక్తికి చేటు చేయదు. చీలమండల దగ్గర వాపు మాత్రం కొందరికి వస్తుంది, సాయంత్రానికి బూట్లు బిగుస్తాయి.

నెల్లూరు ఎండలో జాగ్రత్తగా చూడాల్సినవి నీటి బిళ్ళలు. హైడ్రోక్లోరోథయాజైడ్, క్లోర్‌థాలిడోన్ లాంటివి మూత్రపిండంలో ఉప్పు తిరిగి రక్తంలోకి చేరకుండా ఆపుతాయి, ఉప్పు వెంట నీరు పోతుంది. మంచి మందులు, చవక మందులు. అయితే వీటిని వేసుకుంటున్నామని చాలామందికి తెలియదు, ఎందుకంటే వేరే మందుతో కలిపిన బిళ్ళలో ఉంటాయి. పేరు చివర 'హెచ్' అని ఉంటే సాధారణంగా ఇదే, 'ఏఎమ్' అని ఉంటే ఆమ్లోడిపిన్. 2003 క్రికెట్ ప్రపంచ కప్పు మొదలవుతుండగా షేన్ వార్న్‌ను ఆస్ట్రేలియా జట్టు ఇంటికి పంపింది ఈ జాతి బిళ్ళ వల్లనే. ఇతర మందుల జాడ మూత్రంలో పలచబడుతుందని క్రీడల్లో వీటికి అన్నివేళలా నిషేధం ఉంది.

రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండకు సముద్రపు ఉక్క తోడైతే, చెమట ఒకవైపు, బిళ్ళ ఒకవైపు నీటిని లాగేస్తాయి. పొటాషియం తగ్గి పిక్కలు పట్టేస్తాయి. సైకిలు దిగి నిలబడగానే కళ్ళు తిరుగుతాయి. దీని మీద ఒళ్ళునొప్పులకని ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వేసుకుంటే కథ ముదురుతుంది. మూత్రపిండంలో ప్రతి వడపోత గుత్తికీ రక్తం వచ్చే నాళం ఒకటి, పోయే నాళం ఒకటి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు వచ్చేది విచ్చుకుని, పోయేది బిగుసుకుని లోపల ఒత్తిడి నిలుపుతాయి. నొప్పి బిళ్ళ వచ్చే నాళాన్ని విచ్చుకోనివ్వదు. టెల్మిసార్టన్, రామిప్రిల్ పోయే నాళాన్ని బిగుసుకోనివ్వవు. నీటి బిళ్ళ రక్తాన్నే తగ్గించింది. మూడూ కలిసిన రోజున వడపోత ఆగిపోవచ్చు. ఎండలో దూరం తొక్కేవాళ్ళు నొప్పి బిళ్ళను జేబులో పెట్టుకోవడం మానాలి. ఇది నేను గట్టిగా చెప్పే మాట.

తాగే వాటి సంగతి కూడా అంత తేలిక కాదు. హైవే పక్కన కొబ్బరిబొండాం కొట్టించుకోవడం మన అలవాటు. నీటి బిళ్ళ ఒక్కటే వేసుకునేవాడికి అందులోని పొటాషియం మేలే చేస్తుంది. టెల్మిసార్టన్ లాంటివి పొటాషియంను ఒంట్లో నిలుపుతాయి కాబట్టి, మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవాళ్ళు అవి వేసుకుంటూ బొండాం మీద బొండాం తాగడం మంచిది కాదు. ఉప్పు మజ్జిగకూ కొలత కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాములలోపు ఉప్పు చాలంటుంది. చెమట బాగా పోసిన రోజున కాస్త సడలింపు ఉండవచ్చు గానీ అది ఎంతో మీ డాక్టరుతోనే తేల్చుకోవాలి.

ఇవన్నీ చదివి బిళ్ళ మానేద్దామని అనుకోవద్దు. బీటా బ్లాకర్‌ను ఉన్నట్టుండి ఆపితే, అంతకాలం అణగి ఉన్న గుండె అడ్రినలిన్‌కు మామూలుకన్నా గట్టిగా స్పందిస్తుంది. గుండెజబ్బు ఉన్నవాళ్ళకు అది ప్రాణాంతకం కావచ్చు. చేయాల్సిన పని వేరే ఉంది. 'నేను సైకిలు తొక్కుతాను, ఇంత దూరం, ఈ వేళ' అని డాక్టరుకు చెప్పాలి. ఆ ఒక్క వాక్యం వింటే మందు ఎంపికే మారవచ్చు. గుండెనొప్పి, గుండె బలహీనత లాంటి కారణాలు లేకుండా బీపీకి మాత్రమే బీటా బ్లాకర్ వాడుతుంటే, దానికి బదులు నాడిని తాకని మందు కుదురుతుందేమో అడగవచ్చు. ఆ కారణాలు ఉంటే మాత్రం ఆ బిళ్ళే ప్రాణాలు కాస్తోంది, తొక్కుడే దానికి సర్దుకోవాలి.

నాడి లెక్క కుదరనివాళ్ళకు మాట ఒక్కటే కొలత. తొక్కుతూ పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే వేగం సరిపోయింది, ఒక్కో మాటకు ఊపిరి తీయాల్సివస్తే ఎక్కువైంది. మొదటి పది నిమిషాలు తేలిక గేరులో తొక్కాలి. ఆగేముందు కూడా అంతే, ఎందుకంటే తొక్కే కాళ్ళే రక్తాన్ని పైకి నెడతాయి. నాళాలను వదులు చేసే బిళ్ళలు వేసుకున్నవాళ్ళు చటుక్కున ఆగి నిలబడితే రక్తం కాళ్ళలోనే ఉండిపోయి తూలు వస్తుంది. కూర్చున్నప్పుడే 180/110 దాటి ఉంటే ఆ రోజు సైకిలు జోలికి పోకుండా డాక్టరు దగ్గరికి పోవాలి. ఛాతీలో పట్టేసినట్టున్నా అంతే.

బిళ్ళ పొద్దున వేసుకోవాలా రాత్రి వేసుకోవాలా అన్న సందేహం సైకిలు వాళ్ళకు తరచూ వస్తుంది. బ్రిటన్‌లో 21 వేల మందికి పైగా పాల్గొన్న టైమ్ అనే అధ్యయనం 2022లో వెలువడింది. గుండెపోటు, పక్షవాతం నివారణలో పొద్దుటికీ సాయంత్రానికీ తేడా లేదని తేల్చింది. కాబట్టి తెల్లవారుజామున తొక్కేవాళ్ళు, కళ్ళు తిరుగుతుంటే, వేళ మార్చమని డాక్టరును నిస్సంకోచంగా అడగవచ్చు.

ఇంకొక సంగతి. తొక్కి దిగాక కొన్ని గంటలపాటు బీపీ మామూలుకన్నా తక్కువగానే ఉంటుంది. నెలల తరబడి క్రమంగా తొక్కే బీపీ మనిషికి పై అంకె నిలకడగానూ 5 నుంచి 8 దాకా దిగుతుంది, బిళ్ళ మోతాదు తగ్గించాల్సిన అవసరం కూడా రావచ్చు. ఆ తగ్గుదల నిజంగా వచ్చిందో లేదో తెలియాలంటే రామతీర్థం నుంచి తిరిగొచ్చిన చెమటతో మిషను కట్టుకోకూడదు. పొద్దున లేచి, కాఫీ తాగకముందు, బిళ్ళ వేసుకోకముందు, సైకిలు బయటికి తీయకముందు, అయిదు నిమిషాలు కుర్చీలో వీపు ఆనించి కూర్చుని చూసుకోవాలి. రాసిపెట్టుకుని డాక్టరుకు చూపించాల్సింది ఆ అంకెలనే.